రెండు పుస్తకాలు దొరికితే అంశం దొరికినట్టు కాదు

తులనాత్మక సాహిత్య వ్యాసం చాలావరకు అంశం ఎంచుకునే దగ్గరే బాగుపడుతుంది, అక్కడే చెడిపోతుంది. ఏళ్ల తరబడి విద్యార్థుల వ్యాసాలు చదువుతూ, వాళ్లతో కూర్చుని దిద్దుతూ వచ్చిన నాకు ఈ విషయంలో సందేహం లేదు. భాష బాగుంటుంది, శ్రద్ధగా చదివారని తెలుస్తూనే ఉంటుంది, ఉదాహరణలకు కొదవ ఉండదు. అయినా చివరి పేజీకి వచ్చేసరికి మనసులో ఏమీ నిలవదు. వెనక్కి తిరిగి శీర్షిక చూస్తే కారణం బోధపడుతుంది. ఒక పుస్తకం పేరు, ఇంకో పుస్తకం పేరు, ఆ పక్కన ‘తులనాత్మక పరిశీలన’ అనే మాట. కొందరు మధ్యలో ‘స్త్రీ పాత్రలు’ అనో ‘సామాజిక స్పృహ’ అనో ఒక ముక్క చేరుస్తారు.

అక్కడ అంశమే లేదు. రెండు పుస్తకాలు ఉన్నాయి, అంతే. అంశం లేనప్పుడు వ్యాసం తనంతట తానే ఒక మూసలోకి జారిపోతుంది. మొదట ఇద్దరు రచయితల జీవిత విశేషాలు, తర్వాత రెండు కథల సారాంశం, ఆపైన పోలికలు, ఆపైన భేదాలు, ఆఖర్న ఇద్దరూ మహానుభావులేనన్న ముక్తాయింపు. ఇంత శ్రమపడి రాసిన పిల్లల మీద నాకు కోపం లేదు. ‘పోలికలు, భేదాలు రాయండి’ అని చిన్న తరగతుల నుంచీ వాళ్లకు నేర్పింది మనమే. ఆ అలవాటు విశ్వవిద్యాలయం దాకా వాళ్ల వెంట వచ్చింది. నా బాధల్లా రెండు గొప్ప పుస్తకాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోకముందే లేపేస్తున్నారనే.

అంశం అంటే నా దృష్టిలో ఒక ప్రశ్న. అదీ, రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెడితే తప్ప తలెత్తని ప్రశ్న. దీన్ని పరీక్షించడం తేలిక. మీరు చేయబోయే వాదంలోంచి ఒక పుస్తకాన్ని తీసేసి చూడండి. రెండో పుస్తకం గురించి మీరు చెప్పదలచుకున్నదంతా చెక్కుచెదరకుండా నిలబడిందా? అయితే మీ చేతిలో ఉన్నవి ఒకే అట్టలో కుట్టిన రెండు విడి వ్యాసాలు. ఒకటి తీయగానే రెండోదాని గురించిన మాట కూడా కూలిపోతే, అప్పుడు మీకు అంశం దొరికింది.

ఈ మాట గాల్లో ఉండిపోకూడదు కాబట్టి ఒక జంటను దగ్గరగా చూద్దాం. నార్వే నాటకకర్త ఇబ్సెన్ ‘డాల్స్ హౌస్’ను 1879లో కోపెన్‌హేగన్‌లో మొదటిసారి ప్రదర్శించారు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది, 1909లో ఆయనే దాన్ని బాగా తిరగరాసి రెండో కూర్పు తెచ్చారు. రెండింటిలోనూ పెళ్లి అనే వ్యవస్థ బోనులో నిలబడుతుంది. విద్యార్థి కలం నుంచి వెంటనే వచ్చే శీర్షిక ‘ఇబ్సెన్, గురజాడ నాటకాల్లో స్త్రీ’. ఈ శీర్షిక కింద ఏమి రాసినా చెల్లిపోతుంది. దాని లోపం అదే. ఎవరూ కాదనని మాటకు వాదంతో పనేముంది?

ఇప్పుడు రెండు నాటకాల చివరి భాగాలు మాత్రం తీసి చదవండి. ‘డాల్స్ హౌస్’ మూడో అంకంలో కథానాయిక నోరా పై అంతస్తులోని విందు నుంచి తిరిగొస్తుంది. ఒంటిమీద నేపుల్స్ జాలరి పిల్ల వేషం. ఆ వేషం కట్టమన్నది భర్త, ఆ నాట్యం ఆడమన్నదీ భర్తే. భర్తకు తెలియకుండా ఆమె దొంగసంతకం పెట్టి అప్పు తెచ్చిందని చెప్పే ఉత్తరం బయటపడుతుంది. అతను ఆమె మీద విరుచుకుపడతాడు. ప్రమాదం తప్పిందని తెలిసిన మరుక్షణం క్షమించేస్తాడు. అప్పుడు నోరా లోపలికి వెళ్లి ఆ వేషం విప్పేసి, మామూలు బట్టల్లో బయటికి వస్తుంది. భర్తను బల్లకు ఎదురుగా కూర్చోమంటుంది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా మనం ఒక్కసారి కూడా గంభీరంగా మాట్లాడుకోలేదని అంటుంది. వేషం తీసేశాకే ఆమెకు ఆ మాట అనగల గొంతు వచ్చింది.

‘కన్యాశుల్కం’లో ఇది తలకిందులుగా జరుగుతుంది. వకీలు సౌజన్యారావు పంతులు వేశ్యలను దగ్గరికి రానిచ్చే మనిషి కాదు. అందుకని వేశ్య అయిన మధురవాణి మగవేషం వేసుకుని ఆయన దగ్గరికి వెళ్తుంది. లుబ్ధావధాన్లు నెత్తిన పడ్డ కేసులో నిజమేమిటో ఆమెకు తెలుసు. గిరీశం అసలు రంగూ తెలుసు. ఆ నిజం చెప్పడానికి ఆమె వేషం కట్టాల్సి వచ్చింది. ఇంకొంచెం వెనక్కి వెళ్తే అదే నాటకంలో మరో వేషం ఉంది. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురిగా అంటగడతాడు. పసిపిల్లలను డబ్బుకు కొనే వ్యవహారం ఎంత దిగజారిందో ఆ వేషం నలుగురి ముందూ పెడుతుంది. గురజాడ నాటకంలో నిజాన్ని బయటికి లాగేది వేషమే. ఇబ్సెన్ నాటకంలో నిజం బయటికి రావాలంటే వేషం పోవాలి.

ప్రశ్న ఇక్కడ పుట్టింది. పెళ్లిని నిలదీసే రెండు నాటకాల్లో ఒక స్త్రీ వేషం విప్పి, ఇంకో స్త్రీ వేషం వేసి ఎందుకు మాట్లాడాల్సి వచ్చింది? కారణం ఒక నాటకం వాస్తవిక ధోరణిలో సాగడం, రెండోది హాస్యం మీద నడవడం మాత్రమేనా? లేక ఇంటి లోపలి భార్యకూ, గుమ్మం బయటే ఆపేసిన వేశ్యకూ వినేవాళ్లు దొరికే తీరులో ఉన్న తేడానా? నేను రెండోదానివైపు మొగ్గుతాను. నోరా మాట వినాల్సిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఆమె ఆటబొమ్మగా ఉండటం మానేస్తే చాలు. మధురవాణికి ఆ మనిషి గుమ్మం దాటడమే మొదటి కష్టం.

మీరు ఒప్పుకోకపోవచ్చు. ‘మరి బాలవితంతువు బుచ్చమ్మ సంగతేమిటి?’ అని అడగవచ్చు. ఆమె భవిష్యత్తు తేలే చివరి రంగంలో ఆమె వేదిక మీద లేనే లేదు. పూనాలోని వితంతు శరణాలయానికి పంపాలన్న నిర్ణయం ఆమె లేనిచోట జరిగిపోతుంది. ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అంటూ గిరీశమే ఆఖరి మాట అందుకుంటాడు. వేషం కట్టే వీలు కూడా లేని స్త్రీ ఎలా మాట్లాడుతుంది? ఈ అభ్యంతరం నా వాదాన్ని ఇరకాటంలో పెడుతుంది, పదును కూడా పెడుతుంది. ఇలా ఎదురు ప్రశ్నకు చోటున్న అంశాన్నే నేను బలమైన అంశం అంటాను. పైగా దీనికి గురజాడ ఇబ్సెన్‌ను చదివారా లేదా అన్న దర్యాప్తుతో పనిలేదు. రెండు పాఠాలు కళ్లముందున్నాయి. ఏ కూర్పు మీద ఆధారపడుతున్నామో చెబితే చాలు. అది మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే 1897 నాటి నాటకమూ 1909 నాటి నాటకమూ ఒకటి కావు.

ఇంత చిన్న చోటు నుంచి ఇంత పెద్ద ప్రశ్న లేస్తుందా అని సందేహించే వారికి నేను జర్మన్ విమర్శకుడు ఎరిక్ ఆయర్‌బాక్‌ను చూపిస్తాను. నాజీల పాలనలో ఉద్యోగం పోగొట్టుకుని, జర్మనీ విడిచి ఇస్తాంబుల్ చేరి, అక్కడ ఆయన రాసిన విమర్శ గ్రంథం ‘మిమెసిస్’ 1946లో వెలువడింది. అందులో మొదటి అధ్యాయం గ్రీకు మహాకవి హోమర్‌నూ బైబిల్‌నూ పక్కపక్కన పెడుతుంది. అంత పెద్ద గ్రంథాలు రెండింటిని ‘సమగ్రంగా’ పోల్చాలని ఆయన అనుకోలేదు. ఒక మచ్చ దగ్గర మొదలుపెట్టాడు.

హోమర్ ‘ఒడిస్సీ’ పందొమ్మిదో సర్గలో ముసలి దాది యూరిక్లియా, మారువేషంలో ఇల్లు చేరిన యజమానిని ఎవరో అతిథి అనుకుని కాళ్లు కడుగుతూ తొడ మీద మచ్చ తడిమి, ఇతను తన ఒడిస్సియస్ అని గుర్తుపడుతుంది. కాలు ఆమె చేతిలోంచి జారి పళ్లెంలో పడుతుంది, నీళ్లు ఒలికిపోతాయి. ఆమె గుర్తుపట్టడానికీ, కాలు జారిపోవడానికీ మధ్య హోమర్ డెబ్బైకి పైగా పంక్తులు ఆగి, ఆ మచ్చ ఎలా పడిందో, ఏ అడవిపంది కోర కుమ్మిందో, ఆ వేటకు ఎవరెవరు వెళ్లారో తీరిగ్గా చెబుతాడు. ఏ మూలా చీకటి ఉండదు. ఆదికాండంలో అబ్రాహాము కొడుకును బలి ఇవ్వడానికి బయలుదేరే కథ దీనికి ఎదురు. దేవుడు ఎక్కడి నుంచి పిలిచాడో తెలియదు, తండ్రి మనసులో ఏముందో తెలియదు, మూడు రోజుల ప్రయాణం దాదాపు మౌనంగా గడిచిపోతుంది. దహనబలికి గొర్రెపిల్ల ఏదని కొడుకు అడుగుతాడు, దేవుడే చూసుకుంటాడని తండ్రి అంటాడు, మళ్లీ నడక. కథ దేన్ని వెలుగులో పెడుతుంది, దేన్ని చీకట్లో వదిలేస్తుంది? ఆయర్‌బాక్ అడిగింది ఇదే. హోమర్‌ను ఒంటరిగా చదివితే ఆ వెలుగు మనకు సహజంగా కనిపిస్తుంది, అసలు గమనించనే గమనించం. పక్కన అబ్రాహాము కథ ఉన్నప్పుడే అది రచయిత చేసుకున్న ఎంపిక అని అర్థమవుతుంది. పెద్ద గ్రంథాలయం అందుబాటులో ఉండి ఉంటే ఈ పుస్తకం రాసేవాడినే కాదేమో అని ఆయన చివర్లో అంటాడు. పుస్తకాలు దొరకడం లేదని అంశాన్ని వదులుకునే విద్యార్థులకు నేను ఈ మాట గుర్తుచేస్తుంటాను. దగ్గరున్న రెండు పాఠాలను నిదానంగా చదవడానికి గ్రంథాలయం లేకపోవడం అడ్డు రాదు.

అందరూ తీసుకునే జంట కాబట్టి దాన్ని వదిలేయాలా అని కొందరు అడుగుతారు. అక్కర్లేదు. ఫ్లోబేర్ ‘మదాం బోవరీ’, టాల్‌స్టాయ్ ‘అన్నా కరేనినా’ నవలల కన్నా అరిగిపోయిన జంట ఉండదు. పెళ్లి బయటి ప్రేమ, సమాజం వేసిన శిక్ష, ఆత్మహత్య, ఈ మూడు మెట్ల మీదే వేలమంది ఎక్కి దిగారు. కానీ ‘మదాం బోవరీ’ నాయిక ఎమ్మా కాన్వెంటులో ఉండగా బట్టలు కుట్టడానికి వచ్చే ముసలామె కొంగుచాటున తెచ్చిన నవలలు దొంగచాటుగా చదువుతుంది. అన్నా మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళ్లే రైల్లో దీపం పెట్టించుకుని, కాగితాలు కోసే కత్తి తీసి ఒక ఇంగ్లీషు నవల తెరుస్తుంది. చదవలేకపోతుంది. పుస్తకంలోని వాళ్ల బతుకుల వెంట నడవడం ఆమెకు ఇష్టం లేదు, తానే బతకాలని ఉంది. ఒకామెకు నవలలు కోరికను నేర్పాయి. ఇంకొకామెకు కోరిక నవలను పక్కన పెట్టించింది. చదివే స్త్రీని చూసి పందొమ్మిదో శతాబ్దపు నవల భయపడిందా, లేక నవల అనే ప్రక్రియ తన శక్తి మీద తానే సందేహపడిందా? జంట పాతదే, ప్రశ్న మాత్రం ఇంకా పచ్చిగా ఉంది.

ప్రభావం గురించి రాయాలనుకునే వారితో నేను కొంచెం కఠినంగా ఉంటాను. ‘ఫలానా వారిపై ఫలానా వారి ప్రభావం’ అనే శీర్షిక వినడానికి పరిశోధనలా ఉంటుంది, కానీ అది ఆధారాల మీద నిలబడాల్సిన మాట. అనువాదం ఎప్పుడు వచ్చింది, ఆ రచయిత చేతికి ఎలా చేరింది, ఉత్తరాల్లోనో డైరీలోనో ఏమన్నాడు, ఇవన్నీ చూపించాలి. అవి లేకపోతే ప్రభావం అన్న మాట ఎత్తకపోవడమే న్యాయం. ఉన్నా సరే, ఆధారాలు చూపడంతో పని పూర్తయిందనుకోవడం ఇంకో పొరపాటు. విమర్శకుడు రెనె వెల్లెక్ 1958లో అమెరికాలోని చాపెల్ హిల్‌లో జరిగిన తులనాత్మక సాహిత్య మహాసభలో, తులనాత్మక సాహిత్యాన్ని రెండు సాహిత్యాల మధ్య ఎగుమతి దిగుమతుల లెక్కగా కుదించేస్తున్నారని గట్టిగా విమర్శించాడు. నేటికీ ఆ విమర్శ వర్తించే వ్యాసాలు వస్తూనే ఉన్నాయి.

కాళిదాసు, జర్మన్ కవి గెటే విషయమే తీసుకోండి. విలియం జోన్స్ ఇంగ్లీషు ‘శాకుంతలం’ 1789లో వచ్చింది, దాని నుంచి ఫోర్‌స్టర్ జర్మన్ అనువాదం 1791లో. గెటే మురిసిపోయి పద్యం రాశాడు. ఆయన నాటకం ‘ఫౌస్ట్’ మొదట్లోని రంగస్థల ప్రస్తావనకు ‘శాకుంతలం’ ప్రస్తావనే దారి చూపిందని విమర్శకులు చెబుతూ వచ్చారు. ఈ గొలుసును మళ్లీ చెప్పినందువల్ల లాభమేమిటి? రెండు ప్రస్తావనలూ తెరిచి చూస్తే అసలు విషయం కనిపిస్తుంది. కాళిదాసు సూత్రధారుడు నటి పాడిన వేసవి పాటకు మైమరచిపోయి, తాము ఆడబోయే నాటకమేమిటో మరచిపోతాడు. మరపు మీద నడిచే నాటకం మరపుతోనే మొదలైంది. గెటే ప్రస్తావనలో కంపెనీ యజమాని, కవి, విదూషకుడు ప్రేక్షకులకు ఏమి కావాలన్న దాని మీద వాదులాడుకుంటారు. ఒకచోట ప్రస్తావన నాటకం లోపలికి తలుపు తీస్తోంది, ఇంకోచోట నాటకం ఎవరికోసమన్న తగువు తెస్తోంది. ప్రభావం తేలిన చోట నుంచే వ్యాసం మొదలవ్వాలి.

ఇంకో అన్యాయం ఉంది, దాని గురించి మాట్లాడకుండా ఉండలేను. ఒక పుస్తకాన్ని కొలబద్దగా, ఇంకోదాన్ని కొలవాల్సిన వస్తువుగా చూసే అంశాలు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారిని ఇంగ్లీషు సాహిత్యంలోని నవలాకారుడు స్కాట్, కవి మిల్టన్‌ల పేర్లతో ‘ఆంధ్ర స్కాట్’ అనీ ‘ఆంధ్ర మిల్టన్’ అనీ పిలిచారు. ఆ రోజుల్లో అది గౌరవంగానే అన్నారు. కానీ ఆ బిరుదు చిలకమర్తి గురించి మనకేమీ చెప్పదు, స్కాట్ గురించి అంతకన్నా చెప్పదు. ‘ఫలానా నవల మీద చైతన్య స్రవంతి (పాత్ర మనసులోని ఆలోచనల ప్రవాహాన్ని ఉన్నదున్నట్టు రాసే పాశ్చాత్య పద్ధతి) ప్రభావం ఎంత’ అన్న తరహా అంశాల్లో ఇదే పని మరింత పద్ధతిగా సాగుతుంది. ఎటునుంచి ఎటు కొలుస్తున్నాం? తిప్పి కొలిస్తే ఏమవుతుంది? మీ అంశాన్ని తిరగేసి రాసి చూడండి. మధురవాణి పక్కన నిలబెడితే నోరాలో కొత్తగా ఏమి కనిపించిందో చెప్పగలిగితే పోలిక సమానంగా ఉన్నట్టు. నాకు కనిపించినది ఇది: నోరా మాట్లాడే హక్కు కోసం ఎంత పోరాడినా, వినేవాడు ఎదురుగా కూర్చుని ఉండటం ఆమెకు ముందే దక్కిన సౌకర్యం. ‘డాల్స్ హౌస్’ను ఒంటరిగా చదివితే ఈ ఆలోచన నాకు వచ్చేది కాదు.

పుస్తకం లోపలి నుంచే కాదు, పుస్తకానికి బయట జరిగిన దాని నుంచీ అంశాలు పుడతాయి. జర్మనీ రంగస్థలం కోసం ఇబ్సెన్ నోరా ఇల్లు వదలకుండా ఆగిపోయే ముగింపు ఒకటి రాయాల్సి వచ్చింది. దాన్ని తన నాటకం మీద జరిగిన అనాగరిక దౌర్జన్యంగా భావించాడు. డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ముగింపును మిత్రుడు బుల్వర్ లిట్టన్ సలహా మీద మార్చాడు, అచ్చులో ఆ మార్పునే నిలుపుకున్నాడు. ఇతరుల కోసం మార్చిన ముగింపు ఎప్పుడు రచయితదవుతుంది, ఎప్పుడు కాదు? నాటకానికీ నవలకూ మధ్య తేడా ఇక్కడ పనిచేస్తుందా? వెతికితే ఇలాంటివి చాలా దొరుకుతాయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రెండు పుస్తకాల్లో కనీసం ఒకటైనా మూలభాషలో చదవగలిగినది అయితే మంచిది. రెండోదాన్ని అనువాదంలో చదివితే ఆ సంగతి దాచకుండా రాయండి, వాక్య నిర్మాణం మీద వాదం కట్టకండి. ఆధునికత, అస్తిత్వం, విముక్తి లాంటి పెద్ద మాటలతో శీర్షిక మొదలైతే కొన్నాళ్లు ఆ మాటలను పక్కనపెట్టి, ఒక వస్తువో, ఒక చేష్టో, ఒక రంగమో పట్టుకోండి. మూడో పుస్తకం చేర్చాలనిపిస్తే మీ ప్రశ్న ఇంకా తేలలేదని అర్థం. అన్నిటికన్నా ముఖ్యం, మీకు నిజంగా నిద్ర పట్టనివ్వని చోటు ఏదో చూసుకోండి. గైడు మెచ్చుకుంటారని తీసుకున్న అంశం సగం దారిలో వదిలేస్తుంది.

పైన మూడో పుస్తకం వద్దన్నాను. ఒక్క అంశం విషయంలో మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటాను. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ ప్రేరణతో వచ్చిందన్నది అందరికీ తెలిసిందే. ఆ తెలుగు నవలను హచిన్సన్ అనే ఆయన ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లీషులోకి తెచ్చాడు, అది 1887లో వెలువడింది. ఇంగ్లీషు నుంచి బయలుదేరిన కథ తెలుగులో ఇంకో ఒళ్లు దాల్చి మళ్లీ ఇంగ్లీషుకు చేరింది. గోల్డ్‌స్మిత్ నవలలో ఆస్తి పోయిన ఇంటి పెద్దే తన కథ తాను చెప్పుకుంటాడు. వీరేశలింగం ఆ గొంతు తీసేసి, కథ చెప్పే పని బయటి కథకుడికి అప్పగించారు. ధవళేశ్వరం వర్ణనతో ఆ కథకుడు మొదలవుతాడు. మోసపోయినవాడే మాట్లాడుతుంటే అతని అమాయకత్వం మనకు అతని మాటల్లోంచే తెలియాలి. బయటి నుంచి చెబితే ఊరి మూఢనమ్మకాలనూ, పొగిడి తినేవాళ్లనూ నేరుగా నిలదీసే వీలు వస్తుంది. సంస్కర్తకు కావలసినది ఆ వీలేనా? ఆ బయటి గొంతు 1887 నాటి ఇంగ్లీషు పాఠకుడి దగ్గరికి వెళ్లినప్పుడు సంస్కరణగా వినిపించిందా, దూరదేశపు ముచ్చటగానా? మూడు పుస్తకాల మొదటి అధ్యాయాలనూ వరుసగా పెట్టుకుని, ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు అని వాక్యం వాక్యం గుర్తించుకుంటూ మొదలుపెట్టవచ్చు. ఎవరైనా రాస్తే మొదటి చిత్తుప్రతి చదవడానికి నేను సిద్ధం.